ఇండియాకి మూడు పాయింట్లు

మస్కట్‌లోని తెలుగువాళ్ళ సంఘం సావనీరు వేస్తోంది. అందులో విశ్వేశ్వరరావు గారి మీద ఒక పేజీ రాయమని నన్ను అడిగారు. ఒమాన్‌లో ఆయనకి పాతికేళ్ళు నిండాయి, శాలువా కప్పుతున్నారట. ఆయనతో ఆరేళ్ళు ఒకే ఆఫీసులో పనిచేశాను, వారం వారం ఒకే కారులో తిరిగాను. నాకంటే తగినవాడు దొరకడు అనుకున్నారు. పేజీ రాసి ఇచ్చాను. సరస సంభాషణలో దిట్ట అనీ, తెల్లవాళ్ళ చేత కూడా శభాష్ అనిపించుకున్న తెలుగువాడు అనీ రాశాను. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. అక్కడ రాయకుండా మింగేసింది ఇక్కడ రాస్తున్నాను. చదివి ఆయన మీద పళ్ళు కొరుక్కునేవాళ్ళు నాకోసం కూడా కాస్త కోపం అట్టేపెట్టుకోండి.

అప్పట్లో మా పని సూర్ దగ్గర, సముద్రంలోకి ఒక చిన్న రేవు కట్టడం. కంపెనీ బ్రిటిష్‌ వాళ్ళది. పెద్ద మేనేజరు స్టూవర్ట్ స్కాట్లాండ్ వాడు. సేఫ్టీ మేనేజరు నైజెల్ ఇంగ్లీషువాడు. యంత్రాలన్నీ చూసుకునే డెక్లన్ ఐర్లాండ్ వాడు. నేను సర్వేయర్ని, మాది జగిత్యాల. విశ్వేశ్వరరావు గారిది కాకినాడ. కంపెనీకి వచ్చే కాగితం, పోయే కాగితం ఆయన చేతి మీదుగానే ఫైలుకెక్కాలి. ఆదివారం నుంచి గురువారం దాకా సూర్‌లో ఉండి, గురువారం డ్యూటీ దిగాక ఇద్దరం ఆయన కారులో మస్కట్ వచ్చేవాళ్ళం. ఆయన భార్య శేషుకుమారి గారు మస్కట్‌లోనే ఘుబ్రా అనే పేటలో టీచరు. ఆమె ఒకసారి నాకు కాఫీ ఇస్తూ, "మీ ఆఫీసులో ఈయన అందర్నీ తెగ నవ్విస్తారటగా, ఒక్కరోజు ఇక్కడా నవ్వించమనండి" అంది. ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు.

నవ్వించే చోటు మా టీ రూము. మనకి దూరం నుంచి వాళ్ళందరూ తెల్లవాళ్ళే. దగ్గర కూర్చుంటే తెలుస్తుంది, మన జిల్లాల మధ్య ఉన్నంత పేచీ వాళ్ళ మధ్యా ఉందని. గోడకి ఒక తెల్లబోర్డు. దాని మీద గడులు గీసి, ఒక్కో గడి పైన ఒక్కో దేశం పేరు. ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఐర్లాండ్, వేల్స్, హాలండ్, ఆస్ట్రేలియా. గురువారం మూడింటి టీకి అందరూ చేరతారు. ఆ వారంలో ఎవడు తన దేశం మీద ఉన్న జోకుని నిజం చేశాడో వాడి దేశానికి పాయింటు. స్టూవర్ట్ వాడేసిన టీ సంచిని మళ్ళీ కప్పులో వేశాడు, స్కాట్లాండ్‌కి ఒకటి. మీటింగుకి డెక్లన్ వేళకి వచ్చాడు, గడియారం చెడిపోయి ఉంటుందని ఐర్లాండ్‌కి ఒకటి తీసేశారు. నైజెల్ కాలు ఎవడో తొక్కితే నైజెలే సారీ చెప్పాడు, ఇంగ్లండ్‌కి రెండు. నెలాఖరుకి ఎక్కువ పాయింట్లు వచ్చిన దేశానికి ఒక సొట్టపడ్డ రేకు కప్పు ఇచ్చేవాళ్ళు. ఆటకి ఒకటే నియమం. ఎవడికీ కోపం రాకూడదు.

ఈ నియమం నేర్చుకోవడానికి విశ్వేశ్వరరావు గారికి మూడు నెలలు పట్టిందట. కారులో తానే చెప్పారు. వచ్చిన కొత్తలో ఎవడో ఇంగ్లీషువాడు "ఏనుగు మీద వచ్చావా?" అని అడిగాడు. ఈయన ఉడుక్కుని, కాకినాడలో ఎన్ని కాలేజీలున్నాయో, ఎన్ని రైళ్ళు ఆగుతాయో లెక్కచెప్పారు. ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత మూడు నెలలు ఆయన పక్కన కూర్చుని టీ తాగినవాడు లేడు. నాలుగో నెలలో ఇంకొకడు అదే ప్రశ్న అడిగితే, "లేదు సార్, ఏనుగుకి వీసా రాలేదు" అన్నారు. బల్ల చుట్టూ నవ్వులు. ఆ రోజే ఆయన పేరు 'విష్' అయింది. విశ్వేశ్వరరావు అనే పేరు గూడ్సు రైలంత పొడుగుందని కత్తిరించారు. వాళ్ళు ముద్దుపేరు పెట్టారంటే మనిషిని లోపలికి రానిచ్చారని అర్థం. నాకు మాత్రం ఏళ్ళ తరబడి ఎవడూ పేరు పెట్టలేదు. "సర్వేయర్" అని పిలిచేవాళ్ళు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. బల్ల చివర కూర్చుని, అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వేవాడిని.

బోర్డు మీద ఇండియా గడి పెట్టించింది కూడా ఆయనే. "వందమంది పైగా ఉన్నాం, మా దేశానికి గడి ఎందుకు లేదండీ?" అని స్టూవర్ట్‌ని నిలదీశారు. అందరూ పగలబడి నవ్వి గడి గీశారు. ఒలింపిక్స్‌లో పతకం వచ్చినట్టు ఆ వారం ఘుబ్రా నుంచి కాజాలు చేయించి తెచ్చి పంచిపెట్టారు. చేతిరాత బాగుంటుందని మార్కర్ కూడా ఆయనకే ఇచ్చారు. అంతా బాగానే ఉంది. కానీ గడి పెట్టించుకున్నాక దాన్ని నింపాలి కదా. వారానికొక ఇండియా జోకు కావాలి. ఆయన మీద ఆయనే ఎన్నని వేసుకుంటారు? అందుకని సైటు మీద పడ్డారు. డంపర్ బోల్తాపడితే మన హెల్పర్ పరిగెత్తుకొచ్చి, "నో ప్రాబ్లమ్ సార్, ఒక్క బండే పడింది" అన్నాడని చెప్పారు. ఏసీ బాగుచేయడానికి వచ్చినవాడు తెల్లగా ఉన్నాడని మనవాళ్ళు లేచి సలాం కొట్టారని చెప్పారు. గురువారం పొద్దున ఫైళ్ళ గదిలో తలుపు వేసుకుని నడకతో సహా సాధన చేసేవారు. నేను చూశాను. చేతిలో స్టేప్లర్ పట్టుకుని, మనవాళ్ళు వంగి మాట్లాడే తీరు వచ్చేదాకా వంగారు.

ఇక గంగన్న. మా సర్వే జట్టులో కొలబద్ద పట్టుకునే మనిషి. నేను యంత్రంలోంచి చూస్తుంటే ఎదురుగా ఆ పొడుగాటి కర్ర నిలబెట్టి నిలబడాలి. పది గంటలు ఎండలో నిలబడి కూడా దాన్ని వెంట్రుకవాసి వంచేవాడు కాడు. మా వైపువాడే, ఆర్మూరు దగ్గర. యాభై దాటాయి. ఏడాదిన్నరగా ఇంటికి వెళ్ళలేదు, నాలుగు నెలల్లో సెలవు. మా పికప్ నడిపే ఇనాయత్‌ది పాకిస్తాన్ పంజాబ్. మధ్యాహ్నం బండి నీడలో కూర్చుని, వాడి రోటీలు వీడి పచ్చిపులుసులో ముంచుకుని ఇద్దరూ తినేవాళ్ళు. వాళ్ళకీ ఒక ఆట ఉంది. క్రికెట్‌లో ఇండియా ఓడితే మర్నాటి చాయ్ గంగన్నది, పాకిస్తాన్ ఓడితే ఇనాయత్‌ది. ఓడినవాడు తిట్లు తింటూ పోయాలి, గెలిచినవాడు తిడుతూ తాగాలి. ఆ ఆటకి బోర్డు లేదు, మార్కర్ లేదు.

కంపెనీ ఆరు నెలలకొకసారి సేఫ్టీ బూట్లు ఇస్తుంది. ముందు ఇనుప రేకు ఉండే బరువైన బూట్లు. స్టోరులో సంతకం చేసి, సైజు రాసి తీసుకోవాలి. ఆ కాగితం విశ్వేశ్వరరావు గారి బల్ల మీదికి వస్తుంది. అలా వచ్చిన కాగితంలో ఆయనకి ఒక విచిత్రం కనిపించింది. గంగన్న మొదటిసారి తీసుకున్నది పదో నంబరు. రెండోసారి ఆరు. మూడోసారి కూడా ఆరు. ఆయన నన్ను పిలిచి చూపించారు. "ఏవిటయ్యా ఇది, మీవాడి కాళ్ళు కరిగిపోతున్నాయా?" అన్నారు. గంగన్న పాత బూట్లకే టైరు ముక్క కుట్టించుకుని తొడుక్కుంటున్నాడని నాకు తెలుసు. కొత్తవి ఇంటికి తీసుకుపోవడానికి పెట్టెలో దాచాడని కూడా తెలుసు. రోజూ పొద్దున మా జట్టు బూట్లు, హెల్మెట్లు సరిగ్గా ఉన్నాయని కాగితం మీద టిక్కు కొట్టేది నేనే. గంగన్న వరుసలో కూడా టిక్కు కొట్టేవాడిని. "దాచుకున్నాడు లెండి, పోనీయండి" అన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు గురువారం పొద్దున ఫైళ్ళ గదిలో నేను చూసిందే. అయినా నా టిక్కుల కాగితం తీసుకుని వచ్చేశాను.

ఆ గురువారం ఆయన చెప్పిన తీరు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. టీ కప్పు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. "మిత్రులారా, బ్రిటిష్‌వాళ్ళు రెండొందల ఏళ్ళు మమ్మల్ని కుదించారు. ఒమాన్ ఎండ ఆ పని ఆరు నెలల్లో చేసింది" అన్నారు. పదో నంబరు గంగన్న ఎలా నడుస్తాడో దభీదభీమని నడిచి చూపించారు. తర్వాత ఆరో నంబరు గంగన్న. చేతిలో కర్ర పట్టుకున్నట్టు పట్టుకుని, మునివేళ్ళ మీద, కొత్తకోడలిలా అడుగులు వేశారు. "వచ్చే ఏడు మా గంగన్న పసిపిల్లల జోళ్ళు అడుగుతాడు. ఆ పై ఏడు కాళ్ళే ఉండవు, కంపెనీకి బూట్ల ఖర్చు మిగులుతుంది." డెక్లన్ బల్ల మీద గుద్దుతూ నవ్వాడు. స్టూవర్ట్‌కి టీ పొలమారింది. నైజెల్ కళ్ళజోడు తీసి కన్నీళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే, "ఏం పేరన్నావు?" అని అడిగాడు. "గంగన్న, సర్వే జట్టు" అన్నారు రావు గారు. జోకు ఇంకోచోట చెప్పుకోవడానికి పేరు అడుగుతున్నాడనుకున్నారు. మూడు పాయింట్లు ఒక్కసారే వచ్చాయి. ఆ బోర్డు మీద అంతకుముందు ఎవరికీ మూడు రాలేదు.

కారులో మస్కట్ దాకా ఆయన అదే జోకు మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నారు. ఎక్కడ ఆగితే ఇంకా బాగుండేదో, 'కొత్తకోడలు' అనే ముక్క వాళ్ళకి సరిగ్గా అందిందో లేదో అని. కురియాత్ దాటాక, "చూశావా, నైజెల్‌ని ఏడిపించాను. ఇంగ్లీషువాణ్ణి ఏడిపించడం మాటలు కాదు" అన్నారు. నేను అవునన్నాను.

ఆదివారం పొద్దున నైజెల్ క్యాంపుకి వచ్చాడు. తిన్నగా గంగన్న రూముకే వెళ్ళాడు. పెట్టె తాళం తీయమన్నాడు. రెండు జతల ఆరో నంబరు బూట్లు, ప్లాస్టిక్ సంచుల్లో అలాగే ఉన్నాయి. గంగన్న కాళ్ళకున్న టైరు బూట్లు కూడా విప్పించి, లేబుల్ కట్టి తీసుకుపోయాడు. ఆ సాయంత్రమే కబురు వచ్చింది. బుధవారం విచారణ. రెండు తప్పులు. కంపెనీ వస్తువు దాచడం, సేఫ్టీ బూట్లు లేకుండా సైటులో తిరగడం. రుజువైతే టికెట్టు చేతిలో పెట్టి పంపేస్తారు, మళ్ళీ పిలవరు. విషయం విని విశ్వేశ్వరరావు గారు ముందు నమ్మలేదు. "అబ్బే, జోకు కదా అది. అందరితో పాటు తనూ నవ్వాడు కదా" అన్నారు. ఇరవై ఏళ్ళకి పైగా వాళ్ళ మధ్య ఉన్నాడు ఈ మనిషి. నైజెల్ మనసారా నవ్వగలడు, నవ్విన దాని మీద మనసారా రిపోర్టూ రాయగలడు, రెండూ నిజమే అన్న చిన్న సంగతి ఆయనకి ఇంకా తెలియలేదు.

"మీరు వెళ్ళి చెప్పండి రావు గారూ, నవ్వించడానికి కల్పించానని. స్టోరువాడు సైజు తప్పు రాశాడని చెప్పినా సరే" అన్నాను. ఆయన పెన్ను మూత తీశారు, మళ్ళీ పెట్టారు. "అలా చెబితే ఇకమీద నా జోకుకి ఎవడైనా నవ్వుతాడంటావా?" అన్నారు. నేను తిడదామనుకున్నాను. కానీ నైజెల్ తిరిగి నన్నడిగితే? రోజూ టిక్కు కొట్టినవాడివి నువ్వే కదా అంటే? నా బుద్ధి కూడా అక్కడే ఆగిపోయింది.

విచారణకి తెలుగు తెలిసినవాడు కావాలన్నారు. విష్ ఉన్నాడుగా అన్నాడు స్టూవర్ట్. జట్టు పెద్దగా నన్ను కూడా కూర్చోబెట్టారు. గంగన్న రబ్బరు చెప్పులతో వచ్చాడు. విశ్వేశ్వరరావు గారిని చూడగానే వాడి ముఖం తేటపడింది. మనవాడు ఉన్నాడన్న ధైర్యం. నిజంగా అలాగే అనుకున్నాడు. బల్ల మీద ఆ రెండు జతల బూట్లు పెట్టి ఉన్నాయి. ఇవి ఎవరికోసం అని నైజెల్ అడిగాడు. రావు గారు తెలుగులో అడిగారు.

"సార్, గవి అమ్ముకుందామని దాసిపెట్టలే" అన్నాడు గంగన్న. "మా శాంతవ్వకు సార్. నా ఇంటామె. పోయినేడు పసుపు చేన్ల పాము కరిచింది. పానం దక్కింది గని కుడికాలి వేళ్ళు రెండు తీసేసిండ్రు. అదే చేన్లకు మల్ల పోతది, పోకుంటే ఎట్ల? మా తమ్ముని పెండ్లాం సునీత గూడ పోతది. ఇద్దరు రబ్బరు చెప్పులేస్కొని పోతరు. గీ బూట్లకైతే ముందట ఇనుముంటది, పాము పండ్లు దిగయి. నా బూట్లకు టైరు గట్టిగనే కుట్టించిన, నాకేం గాదు. గంతే సార్. నువ్వు జెర మంచిగ సమజ్ జేసి చెప్పు, నీకైతే ఇంగ్లీష్ మంచిగొస్తది."

అంత పొడుగ్గా వాడు మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. నైజెల్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "ఏమంటున్నాడు?"

విశ్వేశ్వరరావు గారు నైజెల్ వైపు తిరిగారు. "క్షమించమంటున్నాడు."

"అంతేనా? చాలాసేపు మాట్లాడాడే."

"మావాళ్ళు సారీ చెప్పాలంటే అంతసేపు పడుతుంది. మీ ఇంగ్లీషువాళ్ళకున్నంత అలవాటు లేదు కదా" అన్నారు రావు గారు.

స్టూవర్ట్ ముసిముసిగా నవ్వాడు. నైజెల్ కూడా, కాగితం వైపు చూస్తూనే. వాళ్ళు నవ్వారు కదా అని గంగన్న కూడా నవ్వాడు. తన మాట పనిచేసిందనుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే, కానీ పాముని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలుసు. భార్యని ఏమంటారో తెలుసు. రెండు మాటలు చాలు. నా ఎదురుగా టిక్కుల కాగితాల కట్ట ఉంది. దాని మీద నా సంతకం ఉంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. పావుగంటలో అయిపోయింది. మర్నాడు పొద్దున బస్సు, అటునుంచి విమానం.

బయటికి రాగానే ఆయన చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి లాగాను. "ఎందుకు చెప్పలేదు? పాము కరిచిందని చెబితే ఏం పోయేది మీది?"

"నీకేం తెలుసయ్యా!" అన్నారు. "పాము! వాళ్ళ ముందు పాము! ఇండియా అంటే పాములాడించుకునే దేశం కాదని చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. నా నోటితో నేనే చెప్పమంటావా, మా ఆడవాళ్ళు పాముల మధ్య చెప్పుల్లేకుండా తిరుగుతారని? వచ్చే గురువారం బుట్ట, బూర తెచ్చి నా బల్ల మీద పెట్టరూ?"

ఆయన చెప్పింది విని నాకు అసహ్యం వేసింది. అర్థం కూడా అయింది. అర్థం కావడమే ఎక్కువ అసహ్యంగా ఉంది.

మేము ఇవతలికి వచ్చేసరికి గంగన్న గేటు దగ్గర నిలబడి మా కోసం చూస్తున్నాడు. వాడికి ఇంకా ఏడుపు రాలేదు. వాణ్ణి తొలుస్తున్నది వేరే. "సార్, నువ్వు నాకోసం మస్తు చెప్పినవు, నాకెర్కే" అని రావు గారికి దండం పెట్టాడు. "గని ఒక్క మాట. నా పెట్టెల ఏమున్నయో గా తెల్లోనికి ఎవలు చెప్పిండ్రు? ఎవలో చెప్పకుంటే సక్కగ నా పెట్టె కాడికే ఎట్లొస్తడు?"

అప్పుడు నోరు మూసుకుని ఉన్నా సరిపోయేది. తెలియదన్నా సరిపోయేది. విశ్వేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. దూరంగా పికప్ ఆగి ఉంది. ఇనాయత్ విచారణ జరిగినంతసేపూ డ్యూటీకి వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు. దానికి వాడికొక వార్నింగు కూడా వచ్చింది.

"నాకెందుకులే గానీ గంగన్నా" అన్నారు రావు గారు మెల్లగా. "ఆ ఇనాయత్‌తో కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది. ఎంతైనా పాకిస్తానోడు."

"ఇనాయతా?" అన్నాడు గంగన్న. పికప్ వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఊపడం ఆగిపోయింది. "పెట్టెకు తాళం వాడే తెచ్చిచ్చిండు సార్" అన్నాడు. "సూర్ బజార్ల కొనుక్కొచ్చిండు. దేనికి తాళమని అడిగితే, బూట్ల ముచ్చట జెప్పిన."

నేను నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, తెరిచాను. విశ్వేశ్వరరావు గారు నా వైపు చూశారు. భయపెట్టే చూపు కాదు. బతిమాలే చూపు. చేతిలో ఉన్న టిక్కుల కాగితాలు నేను ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

మర్నాడు పది గంటలకి బస్సు దగ్గర ఇనాయత్ ఒక ఫ్లాస్కు, రెండు గ్లాసులతో వచ్చాడు. పొద్దున్నే లేచి చాయ్ కాచుకొచ్చాడు. ఆ నెలలో మ్యాచే లేదు. "గంగా భాయ్, ఆజ్ కోయీ మ్యాచ్ నహీ, ఫిర్ భీ చాయ్ మేరీ తరఫ్ సే" అన్నాడు. ఓటమి లేకపోయినా ఇవాళ్టి చాయ్ తనదేనని. నవ్వబోయాడు, పెదవులు సహకరించలేదు. గంగన్న గ్లాసు అందుకున్నాడు. వాడి ముఖంలోకి చూస్తూ ఆ చాయ్‌ని నిదానంగా ఇసుకలో పోశాడు. ఖాళీ గ్లాసు వాడి చేతిలోనే పెట్టి, రబ్బరు చెప్పులతో బస్సెక్కి, అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఇనాయత్ నన్ను అడిగాడు, "జితేందర్ సాబ్, క్యా హువా? మైనే క్యా కియా?" తానేం చేశాడని. తెలియదన్నాను. బస్సు వెళ్ళాక కూడా వాడు రెండో గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

ఆ రోజు గురువారం. మూడింటికి టీ రూములో అందరూ చేరారు. బిస్కెట్ ముంచుకుంటూ నైజెల్ తనంతట తానే ఎత్తాడు. "ఆ బూట్ల మనిషి సంగతి నాకు బాధగానే ఉంది. ఒక్క కారణం చెప్పి ఉంటే వార్నింగుతో వదిలేసేవాణ్ణి. ఇంట్లో ఎవరికో కావాలి, ఏదో ఒకటి. కాగితం మీద రాసుకోవడానికి నాకొక కారణం కావాలి అంతే. వీళ్ళు ఎందుకు చెప్పరో నాకు ఎప్పటికీ అర్థం కాదు."

విశ్వేశ్వరరావు గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఒక్క క్షణం నాకు ఆయన మీద నిజంగా జాలి వేసింది. ఇప్పుడు లేచి చెప్పేస్తారు అనుకున్నాను. బస్సు మస్కట్ చేరి ఉంటుంది, విమానం సాయంత్రం. ఫోను చేస్తే ఆపవచ్చు.

"ఏం విష్, మౌనం?" అన్నాడు స్టూవర్ట్. "ఈ వారం ఇండియా నుంచి ఏమీ లేదా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. నవ్వడానికి సిద్ధంగా ఉన్న ముఖాలు. విశ్వేశ్వరరావు గారు ఆ ముఖాలన్నీ ఒకసారి చూశారు. కప్పు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

"ఎందుకు లేదు?" అన్నారు. "ఇవాళ పొద్దున మా బస్సు దగ్గర ఇండియా, పాకిస్తాన్ యుద్ధం జరిగింది. ఆయుధం టీ." ఫ్లాస్కు పట్టుకుని ఇనాయత్ వచ్చిన తీరు చేసి చూపించారు. గంగన్న గ్లాసు అందుకోవడం, ముఖంలోకి చూడటం, ఇసుకలో పోయడం, ఒక్కొక్కటీ నిదానంగా చేశారు. తాను బస్సు దగ్గర లేరు. కిటికీలోంచి చూసి ఉంటారు. "డెబ్బై ఏళ్ళ పగ, ఒక కప్పు టీతో తీర్చుకున్నాం. మీ ఇంగ్లీషువాళ్ళయితే టీ పారబోసినందుకు ఇంకో యుద్ధం చేసేవాళ్ళు" అన్నారు. టీ రూము దద్దరిల్లింది. నైజెల్ మళ్ళీ కళ్ళజోడు తీశాడు. నేనూ నవ్వాను. బల్ల చివర కూర్చుని, అందరితో పాటు నవ్వాను.

"ఇండియాకి రెండు" అన్నాడు స్టూవర్ట్. "పాకిస్తాన్‌కి కూడా ఒక గడి గీయాలి ఇక."

విశ్వేశ్వరరావు గారు మార్కర్ తీశారు. మూత తీసి, ఇండియా గడి ముందు ఆగి, మళ్ళీ మూత పెట్టేశారు. దాన్ని నా వైపు చాపారు. "ఈసారి నువ్వు రాయవయ్యా" అన్నారు తెలుగులో.

లేచి వెళ్ళాను. గడి గీశాను, పైన పాకిస్తాన్ అని రాశాను. ఇండియా కింద ఇంకో రెండు గీతలు గీశాను. నైజెల్ నా భుజం తట్టి, "బాగా రాశావు, జిత్" అన్నాడు. ఆరేళ్ళలో వాళ్ళు నాకు పేరు పెట్టడం అదే మొదటిసారి. నాకు సంతోషం వేసింది.